బోరు నీళ్ల పరీక్ష: టీడీఎస్ మీటరు చెప్పనివి ఎలా తెలుసుకోవాలి

బోరు పడగానే చాలా ఇళ్లలో మొదట జరిగేది గ్లాసెడు నీళ్లు పట్టి అందులో టీడీఎస్ మీటరు ముంచడం. 300 చూపిస్తే మంచినీళ్లు పడ్డాయని సంతోషిస్తారు. 1200 చూపిస్తే ఇక తాగడానికి పనికిరావని తేల్చేస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉండొచ్చో ఆ మీటరు అంచనా కడుతుంది. ఆ లవణాల్లో ఏవేవి ఉన్నాయో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ చూడండి. టీడీఎస్ 600 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 4 ఉందనుకుందాం (ఈ వ్యాసంలో విడిగా చెప్పని చోట అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో). తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు 1.0 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. 4 అంటే పిల్లల పళ్లు గారపట్టడమే కాదు, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక కూడా బిగుసుకుపోయే మోతాదు. కానీ 600లో 4 అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. మంచి మీటరుకు కూడా రెండు శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. అంటే ఆ 4 ఉన్నా లేకపోయినా తెరమీద అంకె మారదు. ఆర్సెనిక్ విషయంలోనూ ఇంతే. నైట్రేటు ఎక్కువగా ఉంటే అంకె కొంత పెరగొచ్చు, కానీ అది నైట్రేటు వల్లేనని మీటరు చెప్పలేదు. బ్యాక్టీరియాను అయితే టీడీఎస్ మీటరు అసలు పట్టుకోలేదు.

మరోవైపు టీడీఎస్ 1200 ఉన్న నీళ్లు రుచికి బాగోకపోవచ్చు, గీజర్ కాయిల్‌కు పెచ్చు కట్టొచ్చు. అయినా వేరే దారి లేనప్పుడు 2000 వరకు ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాబట్టి మీటరును పక్కన పడేయనక్కర్లేదు, దానికి తగిన పని దానికి అప్పజెప్పాలి. మిగతావాటికి వేరే పరీక్షలున్నాయి. వాటిలో చాలావరకు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

నీళ్లు పట్టడం దగ్గరే సగం పని

పరీక్ష ఎంత బాగా చేసినా, నమూనా సరిగ్గా పట్టకపోతే వచ్చే అంకె మీ బోరుది కాదు, మీ పైపుది. రాత్రంతా కేసింగులో, డెలివరీ పైపులో నిలిచిన నీళ్లకు తుప్పు పడుతుంది, గాలి తగులుతుంది. రోజూ వాడే బోరైతే మోటారు వేసి 5 నుంచి 10 నిమిషాలు పారనివ్వండి. రోజుల తరబడి ఆపేసిన బోరైతే అది చాలదు. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతుకు సుమారు 21 లీటర్ల నీళ్లుంటాయి. నీటి మట్టం నుంచి అడుగు దాకా 50 మీటర్ల నీళ్లుంటే, లోపల నిలిచినవే వెయ్యి లీటర్ల పైన. అవి బయటికి పోయాకే రాతి పగుళ్లలోంచి కొత్త నీళ్లు వస్తాయి.

టీడీఎస్ మీటరు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మోటారు వేసినప్పటి నుంచి రెండేసి నిమిషాలకోసారి అంకె రాసుకోండి. వరసగా మూడుసార్లు దాదాపు ఒకే అంకె వస్తే అప్పుడు సీసా పట్టండి.

రసాయన పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. కొత్తగా తాగి ఖాళీ చేసిన వాటర్ బాటిల్ బాగానే పనిచేస్తుంది. కూల్‌డ్రింక్ సీసా, నూనె సీసా వద్దు. సబ్బుతో కడగకండి. ఏ నీళ్లు పడుతున్నారో అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి అంచుదాకా గాలి లేకుండా నింపి మూత బిగించండి. గాలి ఎందుకు ఉండకూడదంటే, భూమిలోంచి వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడు ఎక్కువగా కరిగి ఉంటుంది. అది బయటికి పోతే పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె) పెరుగుతుంది, గట్టినీళ్లలో సున్నం అడుగున పేరుకుంటుంది. ఇంటికి తెచ్చేసరికే నీళ్లు మారిపోతాయి. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వాడకపోవడం మంచిది, ప్లాస్టిక్కే సరైనది.

సీసా మీద తేదీ, సమయం, బోరు లోతు, నీళ్లు బోరు దగ్గర పట్టారా ట్యాంకు నుంచి పట్టారా అన్నది వెంటనే రాయండి. రెండు మూడు సీసాలు ఒకచోట చేరితే ఏది ఏదో గుర్తుండదు. నీళ్లను బోరు దగ్గరే పట్టాలి. మేడమీది ట్యాంకు నీళ్లు చూడాలనుకుంటే అది వేరే నమూనా. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం సీసా, పద్ధతి రెండూ వేరు, దాని సంగతి కింద ఉంది.

మీటరును ముందు మీరు పరీక్షించండి

టీడీఎస్ మీటరు నిజానికి కొలిచేది విద్యుత్ వాహకత. దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. అందుకే ఒకే గ్లాసులో రెండు కంపెనీల మీటర్లు ముంచితే ఒకటి 800, ఇంకొకటి 1100 చూపించడం మామూలే. రెండూ చెడిపోలేదు, లెక్కకు వాడిన గుణకం వేరు.

మీ మీటరు ఏ గుణకం వాడుతుందో తేల్చుకోవడం తేలిక. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి. అది 10 లోపు చూపించాలి, లేకపోతే ఇంకో డబ్బా తీసుకోండి. వంటింటి త్రాసు గ్రాము కంటే తక్కువ తూచలేదు కాబట్టి, 10 గ్రాముల ఉప్పును ఆ నీళ్లలో కరిగించి మొత్తం లీటరు చేయండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేయండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఉప్పు నీళ్లు. మీటరు 1000 దగ్గర చూపిస్తే గుణకం 0.5. 1400 దగ్గర చూపిస్తే 0.7. రెండింటికీ అందకుండా 600 చూపిస్తే మీటరు కొనల మీద పొర కట్టిందన్నమాట. వెనిగర్‌లో పది నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే కొత్తది కొనడమే. ల్యాబులో మీటర్లను సరిచూడటానికి వాడే, వాహకత 1413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ద్రావణం దొరికితే ఇంకా మంచిది.

వేడి కూడా అంకెను మారుస్తుంది. ఒక డిగ్రీకి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. మంచి మీటర్లు దీన్ని తామే సరిచేసుకుంటాయి, కానీ వేసవి మధ్యాహ్నం ట్యాంకులోంచి వచ్చిన వేడి నీళ్లలో ముంచగానే కాదు. నీళ్లు, మీటరు ఒకే వేడికి వచ్చేదాకా ఒక నిమిషం ఆగండి. కొనల దగ్గర గాలిబుడగ చిక్కుకుంటే అంకె పడిపోతుంది, ముంచాక ఒకసారి గ్లాసు అంచుకు మెల్లగా తట్టండి.

పీహెచ్ గురించి ఎక్కువ బెంగ పెట్టుకోవాల్సిన పని లేదు. ప్రమాణం 6.5 నుంచి 8.5. మన బోర్లలో ఎక్కువభాగం ఈ మధ్యలోనే ఉంటాయి. పెన్ను మీటరు వాడితే 6.86, 9.18 బఫర్ పొడులను (నీళ్లలో కలిపితే సరిగ్గా ఆ పీహెచ్ వచ్చేవి) పొట్లం మీద చెప్పినన్ని డిస్టిల్డ్ నీళ్లలో కలిపి సరిచూసుకోండి. కొనను ఎండనివ్వకూడదు, ఆర్వో నీళ్లలో నానబెట్టనూ కూడదు. పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచాలి. మోటారు దగ్గర పట్టిన వెంటనే కొలవాలి. రెండు గంటల తర్వాత కొలిస్తే వచ్చే అంకెలో గాలి చేసిన మార్పు కూడా కలిసి ఉంటుంది.

గట్టితనం, క్షారత: ఈ రెండూ కలిపి చూడాలి

పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, కుళాయి చుట్టూ తెల్ల పెచ్చు కట్టడం గట్టినీళ్ల గుర్తులు. కారణం కాల్షియం, మెగ్నీషియం. వీటిని కొలవడం ఇంటి పరీక్షలన్నింటిలోకీ నమ్మదగినది, ఎందుకంటే రంగు మారే క్షణం స్పష్టంగా కనిపిస్తుంది.

కిట్టులో ఒక బఫరు, ఒక రంగు పొడి, ఈడీటీఏ అనే మందున్న ఒక చుక్కల సీసా ఉంటాయి. కొలిచిన నీళ్లలో బఫరు వేసి, చిటికెడు రంగు పొడి కలిపితే ద్రాక్షరసం లాంటి ఎరుపు వస్తుంది. ఇప్పుడు చుక్కలు ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ, ప్రతి చుక్కకూ కలుపుతూ వేయాలి. ఎరుపు ఊదాగా మారి, ఎర్రఛాయ పూర్తిగా పోయి నీలం వచ్చిన చుక్క దగ్గర ఆపాలి. చుక్కకు 25 అని కిట్టు మీద ఉంటే, 18 చుక్కలు పడితే గట్టితనం 450. మరింత సూక్ష్మంగా కావాలంటే నీళ్లు రెట్టింపు తీసుకుని, వచ్చిన జవాబును సగం చేయండి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: ఊదా దగ్గరే ఆపేయడం, లేదా చివర్లో గబగబా మూడు చుక్కలు వేసేయడం. బఫరు వేసి ముచ్చట్లలో పడితే సున్నం గడ్డకట్టి అంకె తగ్గిపోతుంది, కాబట్టి ఐదు నిమిషాల్లో ముగించాలి. చుక్కల సీసాను నిటారుగా పట్టుకోవాలి, వాల్చితే చుక్క సైజు మారుతుంది. కాలేజీ ల్యాబు అందుబాటులో ఉంటే 3.723 గ్రాముల డైసోడియం ఈడీటీఏ లీటరు నీళ్లలో కలిపి బ్యూరెట్‌తో (చుక్కలుగా వదిలే, గీతలున్న గాజు గొట్టం) చేయొచ్చు. 50 మిల్లీలీటర్ల నమూనాకు పట్టిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే గట్టితనం వస్తుంది. ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600.

క్షారత అంటే నీళ్లకు ఆమ్లాన్ని విరిచే శక్తి, బోరు నీళ్లలో అది ఎక్కువగా బైకార్బొనేటు వల్ల వస్తుంది. దాని పరీక్ష కూడా ఇలాంటిదే. ఈడీటీఏ బదులు సజల ఆమ్లం చుక్కలు, రంగు మారే తీరు కిట్టును బట్టి. పరిమితులు కూడా 200, 600. దీన్ని చాలామంది వదిలేస్తారు. అది పొరపాటు, ఎందుకంటే గట్టితనం పక్కన క్షారత పెట్టి చూస్తేనే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది.

మామూలుగా ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, లేదా గట్టితనమే ఎక్కువగా ఉంటుంది. కొన్ని బోర్లలో తలకిందులుగా ఉంటుంది: గట్టితనం 140, క్షారత 420 అన్నట్టు. అంటే నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేటు ఎక్కువ. ఈ నీళ్లకు నురగ బాగా వస్తుంది, పప్పు బాగా ఉడుకుతుంది, నాలుకకు తియ్యగా ఉంటాయి, అన్నం మాత్రం కొంచెం పసుపు రంగుకు తిరుగుతుంది. ఊరంతా మెచ్చుకునే బోరు అదే అవుతుంది. ఫ్లోరైడు ఎక్కువగా ఉండేది కూడా తరచుగా అలాంటి బోరులోనే. కాల్షియం ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని కాల్షియం ఫ్లోరైడుగా గడ్డకట్టిస్తుంది. కాల్షియం లేకపోతే గ్రానైటు రాళ్లలోంచి కరిగి వచ్చిన ఫ్లోరైడుకు అడ్డు ఉండదు. గట్టినీళ్లలో ఫ్లోరైడు ఉండదని దీని అర్థం కాదు. నల్గొండ, ప్రకాశం, అనంతపురం వైపు రాతి నేలల్లో తియ్యటి నీళ్లు పడితే మాత్రం ఫ్లోరైడు చూడకుండా తాగొద్దు.

ఫ్లోరైడు

మన దేశంలో తాగునీటి ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బును 1937లో వైద్యులు నమోదు చేసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. ఆ జబ్బును కంటితో గుర్తించేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఈ నీళ్లు తాగితే పళ్లు గారపట్టి అలాగే వస్తాయి. ఆ తర్వాత నీళ్లు మార్చినా అవి తెల్లబడవు. అందుకే చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పరీక్షకు మిగతా అన్నింటికంటే ముందు చోటివ్వాలి.

ఇంటి కిట్టులో వాడేది జిర్కోనియం కలిపిన ఒక ఎర్రటి రంగు. నీళ్లలో ఫ్లోరైడు ఉంటే జిర్కోనియంను ఆ రంగు నుంచి లాక్కుంటుంది, ఎరుపు వెలిసి పసుపు వైపు పోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడు. చాలామంది తడబడేది ఇక్కడే: రంగు ముదిరితే ప్రమాదమని అలవాటుగా అనుకుంటారు. ఈ పరీక్షలో పాలిపోతేనే ప్రమాదం.

నీళ్లను గీత చూసి కాక సిరంజీతో కొలవండి. ఒకటి రెండు మిల్లీలీటర్ల తేడా కూడా ఇక్కడ ఎక్కువే. పక్కనే ఇంకో గొట్టంలో డిస్టిల్డ్ వాటర్‌తో అదే పరీక్ష చేయండి, అది సున్నా రంగు చూపించాలి. చూపించకపోతే మందు పాడైంది. కారులోనో, ఎండ తగిలే కిటికీలోనో పెట్టిన కిట్టు మందులు మన వేసవికి నిలవవు. రెండు గొట్టాలూ ఒకే వేడిలో ఉండాలి, ఎందుకంటే వేడికి కూడా రంగు మారుతుంది. రంగును నీడలో, పగటి వెలుతురులో, తెల్లకాగితం ముందు పెట్టి చార్టుతో పోల్చండి. ట్యూబులైటు కింద పసుపు, లేత గులాబీ ఛాయలు తేడా తెలియకుండా కలిసిపోతాయి.

చార్టులో చివరి రంగు వచ్చేస్తే ఆ అంకెను నమ్మకండి. అసలు విలువ దానికంటే ఎంత పైనో ఆ రంగు చెప్పదు. నీళ్లు ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఒక వంతు కలిపి మళ్లీ చేసి, వచ్చిన దాన్ని రెట్టింపు చేయండి.

ఈ పరీక్షను తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. బ్లీచింగ్ కలిసిన నీళ్లలో క్లోరిన్ ఆ రంగును తానే వెలిసేలా చేస్తుంది, లేని ఫ్లోరైడు కనిపిస్తుంది. పటిక వేసి తేర్చిన నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది, ఉన్న ఫ్లోరైడు దాక్కుంటుంది. రెండోది ప్రమాదకరం. అందుకే ట్యాంకులో ఏదీ కలపని బోరు నీళ్లనే చూడాలి.

కిట్టులో 0.8 నుంచి 2 మధ్యలో ఎక్కడ వచ్చినా ల్యాబులో తప్పక చూపించండి. కంటితో రంగు పోల్చి 1.0కూ 1.5కూ తేడా చెప్పడం కష్టం. ల్యాబులో ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో చేస్తారా అని అడగండి, అది నమ్మకమైన పద్ధతి. 2 దాటితే ల్యాబు జవాబు వచ్చేదాకా కూడా ఆగకుండా తాగడం, వండటం ఆపేయండి. స్నానానికి, బట్టలకు ఇబ్బంది లేదు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు దీన్ని ముట్టుకోలేవు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అందులో పటిక మోతాదు ఫ్లోరైడుతో పాటు క్షారతను బట్టి కూడా మారుతుంది, కాబట్టి చేతి అంచనాతో బిందెలో పటిక తిప్పితే ఆ ఫలితం రాదు.

నైట్రేటు, ఇతర లవణాలు

నైట్రేటుకు పరిమితి 45, దీనికి సడలింపు లేదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ పరిమితి దాటిన నీళ్లతో డబ్బాపాలు కలిపితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. మరిగించడం ఇక్కడా పనిచేయదు, ఇంకా చెరుపు చేస్తుంది.

కిట్టులో గులాబీ రంగు వస్తుంది, ముదిరితే ఎక్కువ. చూసుకోవాల్సింది చార్టు కింద చిన్న అక్షరాల్లో ఉన్న కొలత. కొన్ని చార్టుల్లో అంకె నైట్రేటుగా ఉంటుంది, కొన్నింటిలో నైట్రేటులోని నైట్రోజనుగా. రెండో రకమైతే 4.43తో గుణించాలి. నైట్రోజనుగా 20 అని చూసి 45 లోపే ఉందని వదిలేస్తే, నిజానికి తాగుతున్నది దాదాపు 89.

మన ఊళ్లలో నైట్రేటు వచ్చేది సెప్టిక్ ట్యాంకు, పేడకుప్ప, యూరియా పడిన పొలం నుంచి. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ కనీసం 15 మీటర్లు ఉండాలన్నది మామూలు లెక్క. రాతి పగుళ్లున్న నేలలో అంత దూరమున్నా మురుగు చేరవచ్చు. నైట్రేటు ఎక్కువ వచ్చిన బోరుకు బ్యాక్టీరియా పరీక్ష తప్పనిసరిగా చేయాలి, దారి రెండింటికీ ఒకటే కావచ్చు.

ఇనుముకు కిట్టు కూడా అక్కర్లేదు. తెల్లటి గ్లాసులో పట్టిన తేట నీళ్లు గంట రెండు గంటల్లో ఎర్రబడి అడుగున పొడి చేరితే ఇనుము ఉన్నట్టే. పట్టగానే ఎర్రగా వస్తే అది తుప్పుపట్టిన పైపుది కావచ్చు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో క్లోరైడును ఏటా చూసుకోవాలి. ప్రమాణం 250, గరిష్ఠం 1000. ఒక ఏటి అంకె కంటే ఏటికేడు పెరగడమే ముఖ్యం, అది ఉప్పునీరు లోపలికి వస్తోందనడానికి గుర్తు.

బ్యాక్టీరియా, క్లోరిన్

ఇంటి దగ్గర చేయగలిగేది హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడు) సీసా పరీక్ష. 1982లో మన దేశంలోనే రూపొందిన పద్ధతి ఇది. సీసాలో ముందే మందు ఉంటుంది. కుళాయికున్న గొట్టం, జాలీ తీసేసి, మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, సీసా అంచును గానీ మూత లోపలి భాగాన్ని గానీ చేత్తో తాకకుండా గీతదాకా పట్టాలి. ఈ సీసాను తొలవకూడదు. 30 నుంచి 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు కదపకుండా ఉంచాలి. ఎండాకాలం గదిలో పెడితే చాలు. చలికాలం గుడ్డ చుట్టి వెచ్చటి చోట పెట్టకపోతే ఉన్న బ్యాక్టీరియా కూడా పెరగక, నీళ్లు మంచివన్న తప్పుడు జవాబు వస్తుంది.

నీళ్లు నల్లబడితే మలినం కలిసినట్టే. ఎంత త్వరగా నల్లబడితే అంత ఎక్కువ. అయితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోర్లలో బ్యాక్టీరియా లేకపోయినా నల్లబడుతుంది, అలాంటి నీళ్లను ల్యాబుకే పంపాలి. క్లోరిన్ కలిసిన నీళ్లకు దాన్ని విరిచే థయోసల్ఫేటు ఉన్న సీసా కావాలి. నల్లబడిన సీసాను నేరుగా పారబోయకండి. అందులో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ వేసి కొన్ని గంటలు ఉంచి మరుగుదొడ్డిలో పోయండి. ల్యాబుకు ఇచ్చేటట్టయితే వాళ్లిచ్చిన శుద్ధి సీసాలోనే పట్టి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, ఐసు డబ్బాలో పెట్టి ఆరు గంటల్లో చేర్చండి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై ఒక్కటి కూడా కనిపించకూడదు.

బోరు నీళ్లే నల్లబడితే బోరును శుద్ధి చేయాలి. పైన చెప్పిన లెక్కనే తీసుకుంటే, 50 మీటర్ల నీళ్లున్న ఆరున్నర అంగుళాల బోరులో సుమారు 1070 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 215 గ్రాములు. బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లను మాత్రమే బోరులో పోసి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా తోడేయండి. వారం తర్వాత మళ్లీ పరీక్షించండి. మళ్లీ నల్లబడితే మలినం ఎక్కడినుంచో వస్తూనే ఉంది, కేసింగు చుట్టూ సిమెంటు పగిలిందేమో, పక్కన ఇంకుడు గుంత ఉందేమో చూడాలి.

బోరు బాగుండి ట్యాంకు నీళ్లు నల్లబడితే ట్యాంకు కడగడం, క్లోరిన్ వేయడం చాలు. 1000 లీటర్లకు అదే 25 శాతం పౌడరు 8 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. అరగంట తర్వాత కుళాయి దగ్గర కొలిస్తే కనీసం 0.2 మిగిలి ఉండాలి. మిగలకపోతే నీళ్లలోని మలినాలు, ఇనుము దాన్ని తినేశాయని అర్థం, లేదా పౌడరు బలం పోయింది. తెరిచిన బస్తా నెలల్లో చప్పబడుతుంది. క్లోరిన్ కొలవడానికి, పసుపు రంగు వచ్చే ఓటీ మందు కంటే గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్ర మంచిది. వేసిన నిమిషంలోపే చూడాలి, ఆలస్యమైతే ఇతర రూపాల్లో ఉన్న క్లోరిన్ కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది.

ల్యాబు రిపోర్టును సరిచూసుకోవడం

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు జిల్లాల్లో ఉన్నాయి, నామమాత్రపు రుసుముతో ప్రజల నమూనాలు తీసుకుంటాయి. జల్ జీవన్ మిషన్ కింద చాలా ఊళ్లలో మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో పరీక్షలు నేర్పించారు, ముందు పంచాయతీలో అడిగి చూడండి.

రిపోర్టు చేతికొచ్చాక రెండు లెక్కలు వేయండి. టీడీఎస్‌ను మైక్రోసీమెన్స్‌లో ఉన్న వాహకతతో భాగిస్తే 0.55 నుంచి 0.75 మధ్య రావాలి. కాల్షియంను 2.5తో, మెగ్నీషియంను 4.1తో గుణించి కూడితే గట్టితనానికి దగ్గరగా రావాలి: కాల్షియం 64, మెగ్నీషియం 39 అయితే 160కి 160 కలిపి 320. రిపోర్టులో గట్టితనం 520 అని ఉంటే ఎక్కడో తప్పు జరిగింది, మళ్లీ చేయమని అడిగే హక్కు మీకుంది.

ఆర్వో పెట్టాక

ఫ్లోరైడు, నైట్రేటు తీయడానికి ఇంట్లో అందుబాటులో ఉన్నది ఆర్వోనే. కానీ చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక వాల్వ్ ఉంటుంది. మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) నుంచి వచ్చిన నీళ్లలో కొన్ని ముడినీళ్లను అది తిరిగి కలుపుతుంది. రుచి కోసమని, లవణాలు ఉండాలని మెకానిక్ దాన్ని తెరిచి వెళ్తాడు. అది చేసే పని లెక్కవేసి చూడండి. ముడినీళ్ల టీడీఎస్ 900, ఫ్లోరైడు 4. మెంబ్రేన్ నీళ్ల టీడీఎస్ 50, ఫ్లోరైడు 0.3. వాల్వ్ తిప్పి 350 చేశారంటే, గ్లాసులో మూడో వంతుకు పైగా ముడినీళ్లే. ఫ్లోరైడు 1.6 అవుతుంది, పరిమితి దాటింది. 200 దగ్గర ఆపినా 0.95, అంచుమీద. ఫ్లోరైడు గానీ నైట్రేటు గానీ ఉన్న బోరుకు ఈ వాల్వ్ పూర్తిగా మూసేయండి.

టీడీఎస్ మీటరుకు ఇంకో మంచి పని ఇక్కడుంది. వాల్వ్ మూసి, మిషన్ పది నిమిషాలు నడిచాక లోపలికి వెళ్లే నీళ్లు, బయటికి వచ్చే నీళ్లు రెండూ కొలవండి. 900 లోపలికి వెళ్లి 50 వస్తే 94 శాతం తీసేసింది. నెలకోసారి రాసుకుంటూ ఉంటే అది 85 దగ్గరికి జారుతున్నప్పుడు మెంబ్రేన్ బలహీనపడుతోందని ముందే తెలుస్తుంది. అప్పుడు బయటికొచ్చే నీళ్లకు ఫ్లోరైడు కిట్టు మరోసారి వేసి, 1.0 దాటితే మెంబ్రేన్ మార్పించండి. బోరు నీళ్లకు మాత్రం ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మే నెలలోనూ, వానలు తగ్గాక నవంబరులోనూ మొత్తం పరీక్ష చేయించాలి. మట్టం పడిపోయిన మే నెలలో ఫ్లోరైడు పెరిగి కనిపించవచ్చు, వానలకు పైమట్టి కడుక్కుని దిగాక నైట్రేటు, బ్యాక్టీరియా పెరిగి కనిపించవచ్చు.